కోడిపెట్ట ఏడుపు

చనిపోయే ముందు రోజు పొద్దున కూడా కనకమ్మ చెల్లెల్ని తిట్టింది. గంజి వేడిగా ఉందని ఒకసారి, చల్లారిపోయిందని ఇంకోసారి. జోగమ్మ రెండు తిట్లూ తిని, గ్లాసు కింద పెట్టి, అక్క మూతి తుడిచింది. మంచం పట్టి ఏడు నెలలైన మనిషికి ఇంకా తిట్టే ఓపిక ఉందంటే ఇంకొన్నాళ్ళు ఉంటుందని ఆమె ధైర్యం.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని ఆ రైల్వే క్వార్టరు జోగమ్మ కొడుకు లోకేష్ పేరు మీద ఉంది. వెనక వరండాకి రేకులు కొట్టి కనకమ్మకి గది చేశారు. గదికి కిటికీ ఒకటే, అది సందులోకి ఉంటుంది. ఆ సందులో సైకిలు మీద పోతున్న ఎవరో మనిషి జోగమ్మ తల చూసి కాలు నేలకి ఆనించాడు.

"ఏటి జోగమ్మగారూ, కోడిపెట్ట ఉడికినాదా?"

"ఉడుకుతున్నాది బాబూ, ఉప్పు సూడాల," అంది జోగమ్మ, అలవాటుగా, పెదవి ఓ పక్కకి తిప్పి. అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఆమెని పలకరించే పద్ధతి అదే. బాగున్నారా అని అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

కనకమ్మ గోడవైపు మొహం తిప్పుకుంది. "ఆ ఏడుపు నవ్వులాటకి కాదే," అంది. ఆ మాట కూడా ముప్ఫై ఏళ్ళ నాటిదే.

తెలుగు సంఘం వాళ్ళ నాటకాల్లో జోగమ్మ వెయ్యని వేషం లేదు. గయ్యాళి అత్త, చెవిటి ముసలిది, దొంగ సోదెమ్మ, చాడీల పనిమనిషి. హీరోయిన్లని విజయనగరం నుంచో శ్రీకాకుళం నుంచో రైలెక్కించి తెస్తారు, దండలు వాళ్ళకి వేస్తారు. జోగమ్మ ఊళ్ళో మనిషి కనక దండ అక్కర్లేదు. కానీ ఆమె లేకపోతే ఆట నడవదు. రంగానికీ రంగానికీ మధ్య ముందు తెర దించి, వెనక మేకులు కొట్టి సెట్టు మారుస్తుంటే, ఆ పది పన్నెండు నిమిషాలూ జనం కుర్చీల్లోంచి లేవకుండా ఎవరో ఒకరు పట్టి ఉంచాలి. ఆ ఒకరు జోగమ్మే. తెర ముందుకొచ్చి, కాళ్ళు చాపుకు కూర్చుని, చచ్చిపోయిన కోడిపెట్ట కోసం ఏడుస్తుంది. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు పీనుగు దగ్గర కూర్చుని ఏ రాగం తీసి ఏడుస్తారో అచ్చం ఆ రాగం, ఆ చేతులు, ఆ ఊపు. "ఓలమ్మో నా పెట్టో, గింజలెయ్యకముందే గుడ్లెట్టినావు, గుడ్లెట్టి గుడ్లెట్టి ఎల్లిపోనావా పెట్టో" అని సాగదీసి, మామూలు గొంతుతో లోపలికి తిరిగి, "కోడలా, పెట్ట ఉడికినాదేటో సూడు, ఉప్పు ఎక్కువెయ్యకు" అంటుంది. ఆ తర్వాత చీర చెంగుతో ముక్కు చీది, మళ్ళీ రాగం. ముక్కు చీదడం దగ్గర జనం పడిపోయేవారు.

"జోగీ," అంది కనకమ్మ గోడ చూస్తూనే. "నాను పోతే ఏడవడానికి ఎవులున్నారే నాకు? పిల్లా నేదు, జెల్లా నేదు. కట్టుకున్నోడు ముందే పోనాడు. నువ్వే ఏడవాల."

"పొద్దున్నే ఏటి మాటలప్పా."

"మాటలు కావు. అమ్మకి మనమిద్దరం ఎలాగేడిసినాం, అలాగ. సాగనంపే మాట దాకా ఏడు. మద్దిలో ఒగ్గీకు. మద్దిలో ఒగ్గీస్తే ఎటూ పోనేక గుమ్మంలోనే ఉండిపోద్దంట మనిసి."

"అలాగే అప్పా."

"కోడిపెట్టలాగ కాదు."

"కాదప్పా," అంది జోగమ్మ. గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్ళిపోయింది.

బుధవారం తెల్లవారేసరికి కనకమ్మ పోయింది. గంజి పట్టుకుని వెళ్ళిన జోగమ్మకి నోరు తెరిచి ఉన్న మొహం కనిపించింది. తిట్టడానికి తెరిచిందేమో అనుకుని ఒక్క క్షణం ఆగింది కూడా.

ఎనిమిదింటికల్లా క్వార్టరు ముందు మనుషులు పోగయ్యారు. రిటైరైన ఫోర్‌మన్ గణపతిరావు వచ్చి వెదురు బొంగులూ తాళ్ళూ పురమాయించాడు. కాలనీలో ఏ తెలుగువాడు పోయినా పెద్దరికం ఆయనదే. పాడె మోయడానికి వర్క్‌షాపు నుంచి లోకేష్ తోటివాళ్ళు గేట్ పాసు రాయించుకుని వచ్చారు, పదకొండుకి మళ్ళీ గేటులో ఉండాలి. ఆ సంగతి గణపతిరావు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు.

జోగమ్మే అక్కకి నీళ్ళు పోసింది. కోడలు ప్రవల్లిక చెంబు అందిస్తే, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, ఏడు నెలల పుండ్ల మీద మెత్తగా చెయ్యి వేసి కడిగింది. తడి జుట్టు దువ్వి ముడి వేసింది. తెల్లచీర కట్టింది. ఈ పని ఆమెకి వచ్చు. ఏ వేషానికైనా చీర కట్టించడం ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నదే.

ముందు గదిలో చాప మీద పడుకోబెట్టాక ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. జోగమ్మ వాళ్ళ మొహాలు చూసింది. రాగం తీసి ఏడవడం వచ్చిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోయారు, ఉన్న ఇద్దరు ముగ్గురు తిరిగి శ్రీకాకుళం వైపు వెళ్ళిపోయారు. వీళ్ళంతా చున్నీ మూతికి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చే తరం. ఆమె అక్క తల దగ్గర కూర్చుని కాళ్ళు చాపింది. ముడి విప్పుకుంది. ఒక చెయ్యి చెంపకి ఆనించి, రెండో చెయ్యి అక్క గుండె మీద వేసింది.

"ఓలప్పో... నా కన్నప్పో... ఇత్తడి సెంబు తోమి తోమి అద్దం సేసినావు, గుక్కెడు నీళ్ళు తాగకుండ ఎల్లిపోనావా అప్పో..."

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. దగ్గు కాదని జోగమ్మకి తెలుసు. జనం నవ్వు ఆపుకోవడం ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినంతగా ఆ కాలనీలో ఎవరికీ తెలియదు.

"నా తల దువ్వినావు, నా పిల్లడి తల దువ్వినావు, నీ తల నెరిసినాదని సూసుకోనేదప్పో..."

ముక్కు కారింది. కన్నీళ్ళు వస్తే ముక్కు కారకుండా ఉంటుందా. ఆమె చీర చెంగు తీసుకుని చీదింది.

పాడె కడుతున్నవాళ్ళలో ఒకడు ఫక్కున నవ్వాడు. వెంటనే పక్కవాడు మొహం తిప్పుకున్నాడు, వాడి భుజాలు కదిలాయి. ఆడవాళ్ళలో ఇద్దరు చున్నీలు ఇంకాస్త పైకి లాక్కున్నారు. చిన్నపిల్ల ఒకత్తె వాళ్ళమ్మని, "కోడలా అంటాది కదా, ఎప్పుడంటాది?" అని అడిగింది. పిల్ల నోరు మూసిన తల్లి కూడా నవ్వింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. చావింటికి వచ్చి నవ్వాలని ఎవరూ అనుకోరు. ఆ రాగం వినపడగానే నవ్వడం వాళ్ళకి చిన్నప్పటి నుంచి జోగమ్మ నేర్పిందే.

లోకేష్ వంగి తల్లి భుజం పట్టుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా, ఆపీ. నవ్వుతున్నారు."

"ఇంకా ఉన్నాదిరా. సాగనంపే మాట..."

"సాలమ్మా. పరువు పోతోంది."

"టైమైపోతోంది, లేపండి," అన్నాడు గణపతిరావు.

లేపారు. జోగమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆ వేళ ఆ వాకిట్లో జోగమ్మ కాక పైకి వినపడేలా ఏడ్చింది ఒక్క మనిషే. తెలుగు ముక్క రాని, ఏ నాటకమూ చూడని పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ. ఆమె జోగమ్మని కావలించుకుని "దీదీ గో, దీదీ" అని ఏడుస్తుంటే, జోగమ్మ ఆమె వీపు నిమురుతూ, పాడె మలుపు తిరిగేదాకా చూసింది.

తర్వాత రెండు రోజులూ ఆమె గుమ్మంలోంచి నడవడానికి భయపడింది. వెనక తలుపు నుంచే తిరిగింది. ప్రవల్లిక ఏమిటని అడిగితే కాళ్ళ నొప్పులంది. కొడుకుతో మాట్లాడలేదు. సిగ్గు, కోపం రెండూ ఉన్నాయి ఆమెకి. కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. నవ్వినవాడి మీదా, ఆపినవాడి మీదా, గుడ్లెట్టి గుడ్లెట్టి అని ముప్ఫై ఏళ్ళు చప్పట్లు కొట్టించుకున్న తన మీదా?

అక్క మైల చెల్లెలికి మూడు రోజులే. శనివారం పొద్దున తలంటుకుని, చింతపండూ బెల్లమూ తేవడానికి ఖరిదా బజారుకి నడిచింది. పాండురంగయ్య కొట్టు ముందు నలుగురున్నారు. ఆయన తూకం వెయ్యడం మాని ఫోను చూస్తున్నాడు. ఫోనులోంచి ఆమె గొంతు వస్తోంది.

"ఓలప్పో... నా కన్నప్పో..."

"అదిగో, మాటల్లోనే వచ్చీసినారు," అన్నాడు పాండురంగయ్య సంతోషంగా. "నూరేళ్ళమ్మా మీకు. ఎక్కడేసినారు ఈ కొత్త ఐటం? మా తమ్ముడు విశాఖపట్నం నుంచి పంపినాడు. అక్కడ కూడా ఒకటే నవ్వుకోడమంట."

ఆయన ఫోను ఆమె వైపు తిప్పాడు. కిటికీలోంచి తీసినట్టున్నారు. జోగమ్మ, ఆమె చాపిన కాళ్ళు, చాప అంచు. కనకమ్మ కనపడదు. కనపడి ఉంటే ఇంతమంది నవ్వేవారు కాదేమో. అడుగున నవ్వే బొమ్మలు వరసగా ఉన్నాయి. ముక్కు చీదే దగ్గర వీడియో ఆగి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"బాగున్నాది కదమ్మా?"

"మీ దయ బాబూ," అంది జోగమ్మ. రెండు చేతులూ జోడించింది కూడా. నాటకం అయ్యాక ఎవరు మెచ్చుకున్నా అనే మాట అది, తనంతట తనే నోట్లోంచి వచ్చేసింది. బెల్లం పొట్లం సంచిలో వేసుకుని పది అడుగులు నడిచాక ఆమెకి తనేమన్నదో అర్థమైంది. గోడ పట్టుకుని నిలబడిపోయింది. వెనక్కి వెళ్ళి చెప్పాలనుకుంది, అది మా అప్ప చావు బాబూ అని. చెబితే పాపం పాండురంగయ్య నొచ్చుకుంటాడు. నొచ్చుకుని, ఆ సంగతే నలుగురికీ చెప్పి, మళ్ళీ చూపిస్తాడు.

మధ్యాహ్నం సంఘం సెక్రటరీ హరిబాబు వచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ప్రవల్లిక ఇచ్చిన టీ పట్టుకుని, తాగకుండా, "పెద్దమ్మగారి సంగతి తెలిసినాది, నాను ఊర్లో నేకపోనాను," అన్నాడు. మంచివాడే. జోగమ్మ భర్త పోయినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగి కాయితాలన్నీ పెట్టించింది అతనే.

"రేపు ఉగాది నాటకం. రెండో రంగానికీ మూడో రంగానికీ మద్దిన మొత్తం మేడ సెట్టు ఎక్కించాల. పన్నెండు నిమిషాలు. మీరు నేకపోతే సగం జనం బయిటికెల్లి మళ్ళీ రారు. నాకు తెలుసు అడక్కూడదని. మైల తీరిపోనాదంటేనే వచ్చినానమ్మా."

"ఆ వీడియో నువ్వు కూడా సూసినావా?"

హరిబాబు టీ గ్లాసులోకి చూశాడు. "సూసినాను. అది ఐటం కాదని నాకు తెలుసమ్మా. జనాలకేటి తెలుసు?"

లోకేష్ లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జోగమ్మ వాడి వైపు చూడకుండా ఆలోచించింది. జనాలకి తెలియదు. నిజమే, వాళ్ళకి ఎవరు చెప్పారు గనక. రేపు వెయ్యి మంది ముందు కోడిపెట్ట ఏడుపు మొదలెట్టి కొస దాకా వేస్తే, ఇదీ కోడిపెట్ట, అది కాదు అని కళ్ళున్న ప్రతివాడికీ తెలుస్తుంది. పక్కపక్కన పెడితే తేడా తెలియని సరుకు ఉంటుందా. ఆ వీడియో ఉన్నవాళ్ళంతా సిగ్గుపడి తుడిచేస్తారు. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"ఏస్తాను," అంది.

ఆదివారం సాయంత్రం న్యూ సెటిల్‌మెంట్ గుడి పక్క మైదానంలో పందిరి నిండిపోయింది. ఏడున్నరకి రెండో రంగం ముగిసి ముందు తెర దిగింది. వెనక మేకుల చప్పుడు మొదలైంది. జోగమ్మ పసుపు గళ్ళ చీరలో తెర పక్క నుంచి ఒక్క అడుగు వేసిందో లేదో చప్పట్లు. ముందు వరసలో గణపతిరావు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. కింద ఎడమ పక్కన హార్మోనియం మీద ప్రేమ్‌కుమార్. వర్క్‌షాపులో వెల్డరు, పాతికేళ్ళుగా ఆమె ప్రతి ఏడుపు చివరా రుంయ్‌మని ఒక మెట్టు నొక్కి నవ్వు పెంచేవాడు.

కాళ్ళు చాపుకు కూర్చుంది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. మైకు ముందుకి లాక్కుంది.

"ఓలమ్మో నా పెట్టో... గింజలెయ్యకముందే గుడ్లెట్టినావు, గుడ్లెట్టి గుడ్లెట్టి ఎల్లిపోనావా పెట్టో..."

రుంయ్. పందిరి ఊగిపోయింది.

"కోడలా, ఉప్పు సూడు."

ఇంకా ఊగింది. జోగమ్మ చెయ్యి చెంపకి ఆనించి రెండో చరణం ఎత్తుకుంది. ఎత్తుకుంటూ, తేడా ఎక్కడుందో చూపిద్దామని చెవి పెట్టి తన గొంతు తను విన్నది. రాగం ఎక్కడ లేచిందో బుధవారం అక్కడే లేచింది. ఊపిరి ఎక్కడ విరిగిందో అక్కడే విరిగింది. చెయ్యి అదే, చెంప అదే. రెండో చెయ్యి నేల మీద ఖాళీగా వేసి ఉంది, దాని కింద చల్లని గుండె ఉన్నట్టే ఉంది. ఆమె భయపడింది. తేడా లేదు. అక్క ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నది ఇదే కాబోలు.

పెట్టో అనాల్సిన చోట నోరు వేరే మాట అంది.

"ఓలప్పో... నా కన్నప్పో..."

ప్రేమ్‌కుమార్ అలవాటు కొద్దీ ఒకసారి రుంయ్‌మనిపించాడు. జనం గోలగా నవ్వారు. వీడియోలోని ఐటం వచ్చిందని కొందరు ఫోన్లు ఎత్తారు.

"ఇత్తడి సెంబు తోమి తోమి అద్దం సేసినావు, గుక్కెడు నీళ్ళు తాగకుండ ఎల్లిపోనావా అప్పో... నా తల దువ్వినావు, నా పిల్లడి తల దువ్వినావు, నీ తల నెరిసినాదని సూసుకోనేదప్పో... గంజి వేడన్నావు, గంజి సల్లనన్నావు, ఇప్పుడు నన్నెవులు తిడతారప్పో..."

తిట్టు దగ్గర నవ్వు పెద్దదైంది. ఈసారి హార్మోనియం మోగలేదు. ప్రేమ్‌కుమార్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. జోగమ్మకి ముక్కు కారింది, చెంగుతో చీదింది. గణపతిరావు కళ్ళజోడు తీసి, నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు తుడుచుకున్నాడు.

నవ్వనీ, అనుకుంది. నవ్వుతున్నారు కానీ ఎవరూ ఆపడం లేదు. భుజం మీద ఎవరి చెయ్యీ పడలేదు. టైమైపోతోందని ఎవరూ అనలేదు. తెర సందులోంచి హరిబాబు చెయ్యి ఊపాడు, సెట్టు సిద్ధమైందని. ముప్ఫై ఏళ్ళలో ఆ చెయ్యి చూశాక ఆమె ఒక్క మాట ఎక్కువ అన్నది లేదు. ఇవాళ చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకుంది. జనం అంత నవ్వుతుంటే తెర ఎత్తే ధైర్యం హరిబాబుకీ లేకపోయింది.

"పిల్లలు నేరన్నారు, నా పిల్లడ్ని నువ్వే పెంచినావు, ఆడు నీ పాడె మోసినాడప్పో... ఇంక నీకు లోటు నేదప్పో... పోయిరా అప్పో... గుమ్మం దాటి ఎల్లు, దారిలో ఎవుల్నీ ఏటీ అడక్కు... ఎనక్కి సూడకు, ఎనక నానున్నాను, నాకేటీ బెంగ నేదప్పో... పోయిరా... అమ్మకి సెప్పు... పోయిరా అప్పో..."

చివరి రాగం ఊపిరి ఉన్నంత దూరం తీసింది. అది పందిరి దాటి, గుడి గోడ దాటి వెళ్ళినట్టు అనిపించింది. ఊపిరి అయిపోయాక ఆగింది. అంతే, ఇంకేం మిగల్లేదు. మాట పూర్తయింది.

చప్పట్లు. ఈలలు. వెనక వరసల్లో ఎవరో "వన్స్ మోర్" అన్నారు. నలుగురు అందుకున్నారు, తర్వాత పందిరంతా. జోగమ్మ మైకు స్టాండు పట్టుకుని మెల్లగా లేచింది. చేతులు జోడించబోయి, మానేసింది.

"రెండోసారి నేదు బాబూ," అంది మైకులో, మామూలు గొంతుతో. "అప్ప నాకు ఒక్కతే."

దానికి కూడా నవ్వారు.

ఆమె తెర వెనక్కి వెళ్ళింది. కొత్తగా ఎక్కించిన మేడ మెట్ల మీద, హీరోయిన్ దిగాల్సిన చోట కూర్చుంది. హరిబాబు లెమ్మనలేకపోయాడు. ప్రేమ్‌కుమార్ హార్మోనియం వదిలేసి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"పంపీసినాను నాయినా," అంది జోగమ్మ.

తెర బయట వన్స్ మోర్ ఇంకా వినపడుతోంది.